పోస్టరు పిల్ల

ముప్పై దాటినా ఆమెను అందరూ ‘పోస్టరు పిల్ల’ అనే పిలుస్తారు. చిన్నప్పుడు ఆమె చదివిన చెవిటి పిల్లల బడికి ఒక సినిమా హీరో వచ్చి, కెమెరాల ముందు తన చేత్తోనే ఆమెకు చెవి మిషను తగిలించాడు. తొలిసారి మనుషుల మాట స్పష్టంగా వినబడి ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు ఊళ్ళో గోడలన్నీ ఎక్కింది.

మిషను కొన్నేళ్ళకే మూగబోయింది. అందులో పాడైన ముక్క ఎక్కడా దొరకదన్నారు. హీరోగారి ట్రస్టు ఆఫీసుకు వెళ్తే, ఇవ్వడం వరకే మా పని, బాగుచేయించడం కాదన్నారు. దానం చేసిన ఆవుకు పళ్ళెంచకూడదంటారు, సరే. పాలివ్వడం మానేసిందని కూడా అనకూడదా?

“అనకూడదమ్మా,” అంది బడి పెద్ద టీచరమ్మ. “ఇది బయటికి పొక్కిందంటే ఆయన మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. మిగతా పిల్లల గతేంటి?”

ఆ ఒక్క మాటకు ఆమె నోరు కట్టేసుకుంది. ఇంట్లో కూడా చెప్పలేదు. ఏటా హీరో పుట్టినరోజుకు ఆ చచ్చిన మిషనే తగిలించుకుని స్టేజీ ఎక్కుతుంది. మిగతా రోజుల్లోనూ దాన్ని చెవినుంచి తియ్యకుండానే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. ఆవిరి ముసిరితే అదీ లేదు. ఓనరు వెనకనుంచి అరిచి అరిచి, చివరికి ఏదో చొక్కా ఉండచుట్టి వీపుమీదికి విసురుతాడు. “మా ఆడపడుచుతో మాట్లాడ్డం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే,” అని వదిన నవ్వుతుంది. వదినది చెడ్డ మనసేం కాదు. చెవికి మిషనుంది కదా, వినబడుతూనే పొగరుకొద్దీ పలకడం లేదనుకుంటుంది.

ఈ ఏడు సభలో హైస్కూలు పిల్లల్ని కూడా కూర్చోబెట్టారు, దానమంటే ఏమిటో చూసి నేర్చుకుంటారని. హీరో మరో చిన్నదానికి మిషను తగిలించాడు. ఫొటోలయ్యాక ముందు వరసలో ఒక విద్యార్థిని లేచి ఆమెను అడిగింది.

“మీకిచ్చాక సారు మళ్ళీ ఎప్పుడైనా, ఎలా పనిచేస్తోందని అడిగారా అండీ?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కొత్త మిషనుతో నవ్వుతున్న చిన్నదాన్ని చూసింది. మింగలేక కక్కలేక, “అడుగుతూనే ఉంటారు,” అంది. హాలంతా చప్పట్లు కొడుతుంటే ఊగే చేతుల్ని చూస్తూ నిలబడింది.

సభ అయ్యాక వరండాలో ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు. ఆ చిన్నదే.

“అక్కా, వెనకాల నుంచి ఎన్నిసార్లు పిలిచానో. నీ మిషను పనిచెయ్యట్లేదా?”

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగింది ఈ పిల్ల ఒక్కతే. ఆమెకు ఏడుపొచ్చింది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“లేదు తల్లీ. నీది ఆగిపోతే మాత్రం నాలా ఊరుకోకు. అందరికీ చెప్పు.”

చిన్నది అటూ ఇటూ చూసి, పెదవులు మెల్లగా కదిపింది.

“చెప్పకూడదక్కా. చెబితే మిగతావాళ్ళకి ఇవ్వరంట. పెద్ద టీచరమ్మ పొద్దున్నే చెప్పింది.”