మోదుగాకులు, కిరోసిన్ డబ్బా

కామారెడ్డిలో మెకానిక్ నా బండి చైను మీద కిరోసిన్ పోయగానే, ఎల్లారెడ్డి దగ్గరి మా మక్కచేను గుర్తొచ్చి బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయాను.

అడవిపందులు చేనంతా తొక్కేస్తుంటే బాపు ఆఫీసుల చుట్టూ తిరిగి, వాటిని కాల్పించడానికి అనుమతి కాగితం తెచ్చాడు. మా ఊళ్లో వేటమాంసాన్ని మోదుగాకుల మీద పోగులు పెట్టి పంచుకుంటారు. అందుకే షూటర్ వచ్చే పొద్దున నేను ఒడినిండా ఆకులు కోసుకొచ్చి, గట్టు మీద కాలు నిలవక అటూ ఇటూ తిరిగాను.

తుపాకీ పేలింది. పెద్ద పంది పడింది. షూటర్ వెంట అటవీశాఖ నుంచి వచ్చిన జంగ్లాతాయన కిరోసిన్ డబ్బా తెస్తుంటే, పొయ్యి అంటించడానికే అనుకున్నాను. ఆయన దాన్ని పంది మీద కుమ్మరించి, గుంత తీయించి పూడ్పించాడు.

"చంపెతందుకు కాయిదం తెస్తివి గదా బాపూ, తినెతందుకు ఇంకో కాయిదం తేవాల్నా?"

"తినొద్దంట బిడ్డా. చేను దక్కుతది, గంతే సాలు. నడువు."

ఇంటికొచ్చేసరికి అమ్మ మసాలా నూరి పెట్టింది. అది వంకాయ కూరలోకి పోయింది. అంతా ముందే తెలిసి కూడా బాపు నన్ను ఆశపెట్టాడని కోపమొచ్చి, నేను ముద్ద ముట్టలేదు.

అన్నానికి కూర్చునే ముందు ఆయన నడుముకు చుట్టిన తువ్వాల విప్పి, కొత్తగా పదును పెట్టిన కత్తి తీసి, ఎవరి వైపూ చూడకుండా చూరులో దోపాడు. ఆకులు నేను తీసుకెళ్తే, కత్తి ఆయన తీసుకెళ్లాడు.