రీలు మర్చిపోయే ఎలైజా గారు

ఎలైజా గారికి ఒక్కటే లోపం. కెమెరాలో రీలు వెయ్యడం మర్చిపోతారు. ఏ ఒకటి రెండు సార్లో అయితే సర్దుకోవచ్చు. ప్రతిసారీ! ఫోటోగ్రాఫరు రీలు మర్చిపోవడమంటే పెళ్ళికొడుకు తాళిబొట్టు ఇంట్లో పెట్టి పీటల మీద కూర్చోవడమే.

ఆయన నల్లజాతి అమెరికన్. ఊరు డెట్రాయిట్. మూడు నెలల పని మీద సింగపూర్ వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉండిపోయారు. జురాంగ్ ఈస్ట్‌లో మా ఎదురు ఫ్లాటు. డెబ్భై నాలుగేళ్ళ ఆరడుగుల మనిషి, మెడలో పాత ఫిల్ము కెమెరా. ఆయన తీసిన ఫోటోలు ఎక్కడెక్కడి గ్యాలరీల్లోనో ఉన్నాయట. "ఆయన మా ఎదురింట్లోనే ఉంటారు" అని చెప్పుకోవడం మా బ్లాకు మొత్తానికి గొప్ప. మాతో మాట్లాడేది ఇంగ్లీషే గానీ, మా ఆవిడ ఉమ దగ్గర ఒక్క తెలుగు మాట పట్టుకున్నారు.

ఆయన ఫోటో తీసే పద్ధతి చూసి తీరాలి. హాకర్ సెంటర్లో తిండికొచ్చినవాళ్ళందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసుకుంటే, అంటే తమదని పట్టి ఉంచుకుంటే, ఈయన బ్లాకు కింద ఎండ పడే బెంచీని చోప్ చేస్తారు. మనిషిని అక్కడ కూర్చోబెట్టి అరగంట క్లిక్కుమనిపిస్తారు. ఆ తర్వాత నుదురు కొట్టుకుంటారు.

"అయ్యో రామా! రీలు!"

అంతసేపూ పొట్ట బిగబట్టి కూర్చున్న మనిషి ఫక్కున నవ్వేస్తాడు. ఎలైజా గారు జేబులోంచి రీలు తీసి వేసి, ఒకే ఒక్క ఫోటో తీసి, "చాలు, వెళ్ళి కాఫీ తాగండి" అంటారు.

పై అంతస్తు షకీలా ఆంటీ జాలిపడింది. "పాపం, వయసైపోయింది గదా. బాదం పప్పు తినిపియ్యండి" అని డబ్బా పంపింది. బాదం తిన్నారు, రీలు మర్చిపోవడం మానలేదు. చిత్రమేమిటంటే ఆంటీ మనవడి పుట్టినరోజు, నేనెక్కే బస్సు నంబరు, ఉమ పులిహోరలో ఇంగువ మర్చిపోయిన తేదీ, అన్నీ ఆయనకి గుర్తే. ఇంజనీరునన్న పేరుకి ఆ తేడా నాకు తట్టాలి. తట్టలేదు.

మా అమ్మాయి తన్మయికి పద్నాలుగేళ్ళు. నా రంగే. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో "పిల్ల ఫోటో కొంచెం తెల్లగా చేసి పెట్టకూడదా?" అన్నప్పటినుంచీ కెమెరా చూస్తే మొహం తిప్పేసుకుంటోంది. రెండేళ్ళుగా మా ఇంట్లో దాని ఫోటో ఒక్కటి లేదు. అది నాకు గొంతులో ముల్లులా ఉండేది. అలాంటిది, ఎలైజా గారు ఇరుగుపొరుగుల ఫోటోలతో బ్లాకు కింద హాల్లో ప్రదర్శన పెడుతూ అడిగితే, "వన్ టైమ్ ఓన్లీ, అంకుల్" అని ఒప్పుకుంది.

ఒక్కసారే! ఆయన మతిమరుపుకి విసిగి ఇది లేచి వెళ్ళిపోతే? అందుకని ఆ ఉదయం ఆయన కాఫీ కలుపుతుండగా, కెమెరాలో నేనే గుట్టుచప్పుడు కాకుండా రీలు వేసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తన్మయి జుట్టు మొహం మీదికి లాక్కుని కొయ్యబొమ్మలా కూర్చుంది. ఆయన క్లిక్కుమనిపించారు. పదో క్లిక్కుకి అనుమానం వచ్చి ఆగారు. రీలు తిప్పే మీట ఎప్పటిలా తేలిగ్గా కాక బరువుగా తిరుగుతోంది.

"మహీధర్! ఇందులో రీలు ఎవరు వేశారు?"

"నేనే అంకుల్. మీరు మర్చిపోతారని..."

"మర్చిపోతానా? యాభై ఏళ్ళుగా కావాలని మర్చిపోతున్నానయ్యా!"

ఆయన బెంచీ మీద తన్మయి పక్కన కూలబడ్డారు.

"నా చిన్నప్పటి క్లాసు ఫోటోలో తెల్లపిల్లలందరూ చక్కగా పడ్డారు. నా మొహం మాత్రం చీకటి మచ్చ, అందులో పళ్ళు. మా అమ్మ వేలు పెట్టి, 'ఇది నువ్వే అయ్యుంటావు' అంది. అందుకే కెమెరా పట్టాను. మా రంగుకి వెలుతురు కొలవడం ఏడాదిలో నేర్చుకున్నా. కానీ కెమెరా ఎత్తితే చాలు, మావాళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు, ఏం వంక పెడతారో అని. ఒకరోజు నిజంగానే రీలు మర్చిపోయాను. మా అమ్మ నన్ను చూసి పగలబడి నవ్వింది. తప్పు నాది అయ్యేసరికి ఆవిడ భయం పోయింది. ఆ మొహం ఎంత అందంగా ఉందో! అప్పట్నుంచీ ప్రతిసారీ మర్చిపోతున్నా. ఇప్పుడు నువ్వొచ్చి అంతా చెడగొట్టావు. షకీలాకి మాత్రం చెప్పకు, బాదం ఆగిపోతుంది!"

నా మొహం ఎలా ఉందో గానీ, తన్మయి పగలబడి నవ్వింది.

"నాన్నా, యూ సో కేపో లా! అందరి పనుల్లోనూ దూరిపోతావు!"

జుట్టు వెనక్కి తోసుకుంది, కళ్ళు తుడుచుకుంది, తలెత్తి మళ్ళీ నవ్వింది. క్లిక్. నేను వేసిన రీలు మీదే.

"చాలు," అన్నారు ఎలైజా గారు.

ప్రదర్శనలో ఆ ఫోటో నిలువెత్తున పెట్టారు. రంగు రవ్వంత కూడా తగ్గించలేదు. నిగనిగలాడే నల్లటి చెంపల మీద ఎండ పడుతోంది. అది చూసి నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఎవరో చైనీస్ పెద్దాయన ఆగి, "ఎవరీ అమ్మాయి?" అని అడిగాడు.

"నేనే!" అంది తన్మయి.

రోజంతా ఆ ఫోటో పక్కనే నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పింది. సాయంత్రం ఎలైజా గారు హాలు మూయబోతుంటే, ఫోటో కింద చీటీ చూపించి ఫిర్యాదు చేసింది.

"అంకుల్, మై నేమ్ వై సో స్మాల్? పెద్ద అక్షరాలతో రాయండి లా!"