బావా అన్నందుకు

పదకొండేళ్లుగా ఒక అక్షరాన్ని మోస్తున్నాను. నేను రాసిందే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రిటైరయ్యేదాకా విశాఖపట్నంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. బోర్డు మీద వేరే పేరుండేది. పరాయి దేశాల్లో మనకు ముప్పు తెచ్చేదేదైనా తయారవుతోందా అని ముందే తెలుసుకుని పైవాళ్లకు చెప్పడం మా శాఖ పని. పట్టుకోవడం, శిక్షించడం మా పని కాదు. వినాలి, తూచాలి, రాసి పంపాలి. ఓడల మీద వెళ్లొచ్చేవాళ్లు అక్కడి రేవుల్లో చూసినవి నాకు చెప్పేవారు. ఆ సమాచారం పక్కన, చెప్పిన మనిషిని ఎంతవరకు నమ్మవచ్చో ఒక ఇంగ్లీషు అక్షరం వేసేవాణ్ణి. 'ఏ' అంటే పూర్తిగా నమ్మవచ్చు. 'ఈ' అంటే నమ్మకూడదు. ఢిల్లీలో ముందు ఆ అక్షరమే చూస్తారు.

అప్పలనాయుడు ఓడ ఇంజన్ ఫిట్టరు. ఆనందపురం దగ్గర అతని ఊరు ఒకప్పుడు మా తాతగారి జమీందారీలోది. నాలుగేళ్లు అతనికి 'ఏ' వేశాను. ఒక్క అబద్ధం చెప్పలేదు.

పదకొండేళ్ల కిందట ఒక ఉదయం దువ్వాడ రైల్వే స్టేషన్‌లో చివరి బెంచీ మీద కలిశాం.

"ఏటి బావా, కర్రలా కూకున్నావ్? నా మాటిను. ఆ రేవులో నా మీద కన్నేసినారు. నా బేగొక్కటే ఇప్పి సూసినారు. ఇంకోపాలి ఎల్తే ఎనక్కి రానివ్వరు. నన్నాపెయ్."

"నన్ను బావా అనకు."

"మరేటనాల? దొరా అనాలేటి? కోట ఎప్పుడో కూలిపోనాది కదా బావా!"

నవ్వాడు. వెక్కిరింత కాదు, చనువు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? మా తాతగారి ముందు వాళ్ల తాత చెప్పులు విడిచి నిలబడేవాడన్న ఒక్క సంగతే నా తలలో తిరిగింది. మాకు మిగిలింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు.

రిపోర్టులో అతని హెచ్చరిక పొల్లుపోకుండా రాశాను. పక్కన 'ఈ' వేశాను. చనువు ముదిరిన మనిషి ప్రమాదమని, ఇది ఉద్యోగధర్మమేనని నాకు నేను చెప్పుకున్నాను. బాబుగారూ అని పిలిచి ఉంటే 'ఈ' వేసేవాణ్ణా? వేసేవాణ్ణి కాదు.

ఆ 'ఈ' చూసి పైవాళ్లు అతని హెచ్చరికను నమ్మలేదు. జవాబు వచ్చింది: లేని భయం చెబుతున్నాడు, మరోసారి పంపండి. పంపాను. ఆ రేవులోనే పట్టుకున్నారు. ఇతను మీ మనిషేనా అని ఆ దేశం అడిగితే కాదనడం మా శాఖ పద్ధతి. ఆ కాగితం మీదా నేనే సంతకం పెట్టాను. ఏడేళ్లు జైల్లో ఉన్నాడు. తిరిగొచ్చాడని విన్నాను. చూడడానికి వెళ్లలేదు.

పోయిన నెల దువ్వాడలోనే కనిపించాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూడగానే లేచి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకున్నాడు. జైలు నేర్పిన అలవాటు కాబోలు.

"నమస్తే బాబుగారూ. నన్నిడిపించడానికి మీరు శానా తిరిగుంటారు. నాకెరికే."

నేను కోరుకున్న పిలుపే. తలూపాను, అవునన్నట్టు. ఆ తలూపు రెండో తప్పు.

రైలొచ్చింది. అతను ఎక్కేదాకా నిటారుగానే నిలబడ్డాను.

ఆ అక్షరం వేసింది నేను. బావా అన్నందుకు వేశాను. రాసేశాను. చెయ్యి కాస్త తేలికపడింది, అంతే.