చిలక్కొయ్యకు తాజ్‌మహల్

పోయిన నెల జనగామలో మా కోడలు ముందుగది గోడ నిండా కొత్త సింగారం చేసింది. రాగిరంగు ఆకులు, ప్లాస్టిక్ తీగలు, చిన్నచిన్న అద్దాలు, అన్నీ ఫోన్‌లో చూసి తెప్పించినవే, ఒక్క మేకు కొట్టకుండా జిగురు కొక్కేలకు తగిలించి ఎట్లున్నదని అడిగితే, మంచిగుంది బిడ్డా అన్నాను గానీ, నా కళ్లు మాత్రం అలవాటు కొద్దీ ప్రతి వస్తువు అడుగునా పేరు కోసం వెతికాయి. మన వయసు వాళ్లకు వేరే చెప్పాలా, మన చిన్నప్పుడు గోడమీద వస్తువంటే ఎవరో ఒక చుట్టం పెట్టిందే, పెట్టినవాళ్ల పేరు ఎర్ర రంగుతో దాని కిందనే ఉండేది.

కురవి దగ్గర మా ఊళ్లో మాది మట్టిగోడల ఇల్లు. మేకు కొడితే దానితో పాటు పిడికెడు గోడ ఊడివచ్చేది కాబట్టి, ఇల్లు కట్టేటప్పుడే గోడలో దిగేసిన చిలక్కొయ్య ఒక్కటే మాకు దిక్కు. గృహప్రవేశానికి వచ్చిన పటాలేమో అటక నిండా ఉన్నాయి. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ చుట్టం వస్తే ఆ చుట్టం పటం కొయ్యకెక్కేది, వాళ్లు బస్సెక్కగానే దిగేది. దుమ్ము తుడిచే పని నాది. మా గోడను చూస్తే ఆ రోజు ఇంట్లో ఎవరి కోసం కోడిని కోశారో ఊరంతా చెప్పగలిగేది.

ఈ పద్ధతి ఒక్కసారి తప్పింది. అమ్మ వాళ్ల అన్న, మా పెద్దమామ, చెప్పాపెట్టకుండా వచ్చి, తను పెట్టిన తాజ్‌మహల్ ఉండాల్సిన చోట ముందురోజే వెళ్లిన మా మేనత్త కుట్టిన పూసల చిలకల పటం ఇంకా వేలాడటం చూసి, కాళ్లు కూడా కడుక్కోకుండా తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, పుట్టింటి తరఫున అమ్మకు మిగిలింది ఆ ఒక్క అన్నే, ప్రతి పండగకూ వంట చేస్తూ తలుపు వైపే చూసేది.

ఎట్టకేలకు కురవి వీరన్న జాతరకు వస్తానని కబురు పంపాడు. అమ్మ పొద్దున్నే తాజ్‌మహల్ తుడిపించి సిద్ధంగా పెట్టింది. సరిగ్గా అప్పుడే, ఎవరూ పిలవని మేనత్త సంచి ఊపుకుంటూ దిగింది. ఇంకేముంది, చిలకలు కొయ్యకెక్కాయి. ఆమె పెరట్లోకి స్నానానికి వెళ్లిందో లేదో, సందు మొదట్లో మామ కనపడ్డాడు. చిలకల్ని దించే తీరిక లేక, పెద్దది కదా కప్పేస్తుందని అమ్మ తాజ్‌మహల్‌ను వాటి మీదనే తగిలించి వీరన్నకు మొక్కుకుంది.

మామ వచ్చాడు, గోడ చూశాడు, మీసం దువ్వుకుని మంచంమీద కూర్చుని నీళ్లడిగాడు. అంతటితో ఊరుకుంటే ఏం పోయేది! తన పేరు మీద మరక ఉందని కండువాతో తుడవడానికి పటాన్ని దించాడు. వెనుక నుంచి రెండు చిలకలు అతన్నే చూస్తున్నాయి. మామ మొహం మోదుగపువ్వులా ఎర్రబడింది, పటం మంచంమీద పెట్టి చెప్పుల కోసం చూశాడు.

అప్పుడే తడితలతో లోపలికొచ్చిన మేనత్త, వరసకు ఆయనకు మరదలు కదా, సంగతంతా ఒక్క చూపులో అర్థం చేసుకుని నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏంది బావా, నా చిలకలకు దిష్టి తగుల్తదని నీ తాజ్‌మహల్ అడ్డం పెట్టినవా? నేనంటే గింత పానమా నీకు?"

మామ పెదవులు బిగబట్టాడు గానీ మీసం ఆగలేదు.

"నవ్వియ్యకు పిల్లా, నేను అలిగిన," అన్నాడు, అంటూనే నవ్వేశాడు.

అమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోనే కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, మామ ఆ కూరే తిని ఇంకొంచెం వేయించుకున్నాడు.

మొన్న మా తమ్ముడు భూపాలపల్లి నుంచి వచ్చాడు. కోడలు గోడకు తగిలించినవన్నీ చూసి, మంచిగున్నయక్కా అని చాయ్ తాగి వెళ్లిపోయాడు. వాడికి ఏదీ తప్పుగా కనపడలేదు, వాడి కోసం మేం హడావిడిగా మార్చాల్సిందీ ఏమీ లేకపోయింది. వీధి చివరి దాకా వాడిని చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి అలిగినా బాగుండేది, బతిమాలి అన్నం తినిపించేదాన్ని.