మేకుకు పోసిన నీళ్లు

వీధిలో అందరూ ఆయన్ని తీగాయన అనేవారు. కొత్తగా తవ్విన బోరులోకి కొలిచే కడ్డీని తీగతో దించి, కరెంటు పంపి, మెల్లగా పైకి లాగడం ఆయన పని. లాగుతుంటే పెట్టెలో పెన్ను కాగితం మీద గీత గీస్తుంది. బంకమట్టి దగ్గరా, ఉప్పునీళ్ల దగ్గరా ఎడమకి ఒదిగిపోతుంది, మంచినీళ్ల ఇసుక తగిలితే కుడికి జరుగుతుంది. ఇనుప గొట్టం దిగిందంటే ఇక ఏ పొరా కనిపించదు. అందుకే ఆ గీత ముందే పడాలి.

సొంత వీధి బోరు ఉప్పుతేలాక కొత్తది తవ్వింది ఆయన బావమరిదే. ఆ రోజు ఆయన భార్య క్యారియరూ, నీళ్ల డబ్బా పట్టుకెళ్లేసరికి తమ్ముడు చిందులు తొక్కుతున్నాడు.

"అక్కా, మీ ఆయన్ని కాస్త తొందరగా కానిమ్మను. బోరు గోడలు కూలితే ఆ తీగ కూడా దక్కదు. ఏం బావా, చేప పడిందా?"

"గేలం పట్టుకున్నవాణ్ణి గెలికితే చేపేం పడుతుందిరా?"

కానీ పెన్ను పిచ్చిపట్టినట్టు వణుకుతోంది. ఆయన పెట్టె తట్టాడు, తీగ తడిమాడు. చివరికి రేకుల నీడలో తనే దిగ్గొట్టిన ఇనుప మేకు వైపు చూశాడు. పెట్టెలోంచి వచ్చే రెండో తీగ దానికే కట్టి ఉంది. దాని చుట్టూ నేల ఎండి బీటలు తీసింది, కరెంటు సరిగా పారడం లేదు.

"నీళ్లు తెచ్చావా?"

దాహమనుకుని ఆవిడ డబ్బా అందించింది. ఆయన నీళ్లన్నీ మేకు మొదట్లో కుమ్మరించాడు.

"చూశావా అక్కా! మేకు మీదున్న ప్రేమ మన మీద లేదు," అన్నాడు తమ్ముడు, ఎండిన పెదాలు తడుపుకుంటూ.

పెన్ను కుదురుకుంది. అడుగున మందపాటి ఇసుక పొర దగ్గర అది ఎడమనే ఉండిపోయింది. పైన ఉన్న పలచటి పొర దగ్గర మాత్రం కుడికి ఒరిగింది.

"కింద తగిలింది కూడా ఇసుకే కదా బావా? గొట్టానికి అక్కడా చిల్లులు తెరిస్తే నీళ్లు దూకుతాయి."

"దూకుతాయి, ఉప్పువి. మీ అక్క చేత తిట్లు తింటానంటే తెరువు."

తమ్ముడు గొణుక్కుంటూనే అడుగుభాగం బంకమట్టితో పూడ్చేశాడు. చిల్లుల గొట్టం పైపొర ఎదుటే నిలిపాడు.

తీగాయన కాలం చేశాక ఒకరోజు తమ్ముడు వచ్చాడు. అక్క ఇచ్చిన గ్లాసుడు నీళ్లూ గటగటా తాగేశాడు.

"ఆ బోరు ధార సన్నగానే వస్తోంది కదక్కా?"

"సన్నగానే. తియ్యగా ఉన్నాయిగా?"

"ఉన్నాయి." గ్లాసు మళ్లీ చాపాడు.

ఆవిడ అది నింపి ఇచ్చి, బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్లింది. నిండడానికి చాలాసేపు పడుతుంది. ఆవిడ అక్కడే నిలబడింది.