ఎడమకు గుంజే బండి

పోయిన వారం మెట్‌పల్లిలో మెకానిక్ షాపులో గ్రీజు, కిరోసిన్ కలిసిన వాసన తగలగానే, బాపు మోటారు సైకిల్ ట్యాంకు మీద కూర్చున్న చిన్నపిల్లనైపోయాను. మీకూ గుర్తుండే ఉంటుంది, ఎండకు కాలిన ట్యాంకు తొడలకు చుర్రుమనడం.

మా బండి ఎప్పుడూ ఎడమకు గుంజేది. వెనక అవ్వ, అంటే మా అమ్మ, రెండు కాళ్లూ ఎడమపక్కకే వేసుకుని కూర్చునేది కాబట్టి తప్పంతా ఆమెదే. "సక్కగ కూసోరాదు? నీ బరువుకే బండి అటు పోతుంది" అని ధర్మపురి దాకా బాపు తిడుతూనే ఉండేవాడు. అవ్వ కుడికి ఒరిగి ఒరిగి, నడుము పట్టుకుని దిగేది. బాపు మాట నమ్మి నేనూ వెనక్కి తిరిగి, "సక్కగ కూసో అవ్వా" అనేదాన్ని.

పోయిన వారం ఆ షాపులో ఆ బండినే బాగు చేయించబోతే, ముసలి మెకానిక్ రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూశాడు.

"ముందటి చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగింది బిడ్డా. నువ్వు పుట్టకముందే మీ బాపు కల్వర్టుకు గుద్దిండు. మార్చుమంటే, నడుస్తది తియ్, ఇంట్ల చెప్పకు అన్నడు."

ఇంటికొచ్చి అడిగితే బాపు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "గిప్పుడెందుకే గా ముచ్చట" అన్నాడు.

ఫోర్కు మార్పించాను. బండి గీత గీసినట్టు తిన్నగా పోతోంది. నిన్న అవ్వను ఎక్కించుకుంటే మాత్రం కుడికి గుంజింది. అద్దంలో చూశాను. అవ్వ కుడికి ఒరిగి, సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని ఉంది.

"సక్కగనే కూసున్ననా బిడ్డా?" అని అడిగింది.