రెండు పేటల తీగ

మా పక్కింటి స్వర్ణలతకు జాలి లేదని గిలకలదిండి హార్బర్లో సగం మంది అంటారు. జాలి లేక కాదు, మొహమాటం లేక. బందరులో మొహమాటం లేని మనిషి దొరకడం ఎంత కష్టమో నన్నడగండి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, లైసెన్సు తెచ్చుకుని, ఐసు ఫ్యాక్టరీలకూ రొయ్యల చెరువులకూ త్రీ ఫేజ్ ప్యానెళ్లు బిగిస్తోంది.

వాళ్ల నాన్న నతానియేలు గారు హరిబాబు గారి ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. పాత ఫ్యూజుల కాలం మనిషి. ఫ్యూజు పోతే తీగను రెండు పేటలు వేసి చుట్టేవారు. ఇక అది పోయేది కాదు. హార్బరంతా ఆ పనితనాన్ని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. ఫ్యూజు ఉన్నదే పోవడానికి కదా!

మొన్న జూన్‌లో, వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుందనగా, ఆ ఫ్యాక్టరీలో ఫ్యూజుల బదులు స్వర్ణలత పెట్టిన బ్రేకర్ పడిపోవడం మొదలైంది. కంప్రెసర్ కాసేపు తిరుగుతుంది, టప్పున ఆగిపోతుంది. తెల్లారితే బోట్లన్నీ సముద్రంలోకి వెళ్లాలి. ఐసు లేకుండా ఒక్క బోటూ కదలదు. స్వర్ణలతను బండి మీద తీసుకెళ్లింది నేనే. మేం వెళ్లేసరికి హరిబాబు గారు బెజవాడ నుంచి తెప్పించిన వంద ఆంపియర్ల బ్రేకర్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉన్నారు.

“నువ్వు పెట్టిన అరవై మూడుది తట్టుకోవట్లేదమ్మా. ఇది బిగించెయ్.”

“బిగించనండీ.”

“పెద్దది వేస్తే నష్టమేంటి?”

“మోటారు తీసుకునేది నలభై రెండు. తీగ మోసేది డెబ్బై. అందుకే మధ్యలో అరవై మూడుది పెట్టానండీ. వందది పెడితే తీగ కాలుతున్నా బ్రేకర్ కదలదు.”

నతానియేలు గారు కూతురి దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. “ఈ ఒక్క రోజుకీ వెయ్యమ్మా. రేపు తీసేద్దువుగాని. బోట్లవాళ్లకి నా మొహం ఎలా చూపించను?”

“ఆ మోటారు గదిలో రోజంతా నిలబడేది నువ్వు నాన్నా!” అంది. అంతదాకా గట్టిగా ఉన్న గొంతు అక్కడ వణికింది.

వెంటనే సర్దుకుని, కంప్రెసర్ వేయించి, ఒక్కో ఫేజుకూ మీటరు తగిలించింది. రెండింట్లో ఎనభై దాటింది, మూడోదాంట్లో పది కూడా లేదు. కరెంటు ఆపించి ప్యానెల్ మూత విప్పింది. మూడో తీగ చివర తొడిగి బిగించే రాగి లగ్గు ఉప్పుగాలికి చిలుము పట్టి వదులైపోయింది. మూడు ఫేజుల బరువు రెండే మోస్తున్నాయన్న మాట.

లగ్గు మార్చి, బిగించి, మళ్లీ వేయించింది. మూడూ నలభై దగ్గర నిలిచాయి. సాయంత్రానికి ఐసు దిమ్మలు జారుతూ బయటికొచ్చాయి.

“వందది వేసుంటేనో?” అడిగారు నతానియేలు గారు.

“మోటారు కాలేది, తర్వాత తీగ...” అని ఆపేసింది. ఆయన గది నాలుగు గోడలూ ఒకసారి చూసుకున్నారు.

మర్నాడు బోట్లు వెళ్లిపోయాయి. తర్వాతి వారం పక్క ఫ్యాక్టరీవాళ్లు పరుగున వచ్చారు. “బాబాయ్, మా బ్రేకర్ ఊరికే పడిపోతోంది. నీ రెండు పేటల పనితనం కాస్త చూపించు.”

“ఊరికే పడదురా. ఏదో చెప్తోంది,” అన్నారాయన. “మా అమ్మాయిని పిలవండి. అందాకా దాని మీట ఎవరూ పైకెత్తకండి.”